ఎడమ పక్క గోడ అవ్వది

పోయిన వారం మా ఇంటికి రంగులు వేయడానికి ఒక పెయింటరు వచ్చాడు. డబ్బాలు కింద పెట్టకముందే హాల్లో గోడ దగ్గరికి వెళ్ళి, చెవి ఆనించి, వేలి కణుపుతో టక్ టక్‌మని కొట్టి చూశాడు. "రెండు కోట్లు పుట్టీ పట్టిస్తే అద్దమే మేడమ్. మొగం సూసుకుని తల దువ్వుకోవచ్చు," అన్నాడు. నేను పకపకా నవ్వేశాను. ఆ మనిషి చిన్నబుచ్చుకున్నాడు. నేను నవ్వింది తనని చూసి కాదని నమ్మించడానికి నాలుగు దోసెలు పోయాల్సి వచ్చింది.

నవ్వొచ్చింది అవ్వ గుర్తొచ్చి. అవ్వ పోయి రెండేళ్ళయింది. ఉండుంటే ఆ పుట్టీ డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇది గోడకా, మొగానికా?" అని అతన్ని సందు చివరిదాకా సాగనంపేది.

మదనపల్లెలో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది అవ్వ. మాకు చుట్టం కాదు. సందులో ఎవరికీ చుట్టం కాదు, అందరికీ అవ్వే. ఆమె పేరు రేషన్ కార్డు చూసినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఊహ తెలిసేనాటికి టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోయేది. అంతకుముందు, వయసులో ఉన్నప్పుడు, గార పని. సిమెంటు రాకముందు గోడలకు పూసే సున్నం పని అన్నమాట. గానుగలో నూరిన సున్నంలో కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి మేస్త్రీలు పూస్తారు. పెద్దవాళ్ళ ఇళ్ళలో అయితే చివరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన కూడా కలుపుతారు. పూసిన వెంటనే ఆడవాళ్ళు నున్నటి రాయి పట్టుకుని రుద్దాలి. పొద్దున మొదలుపెడితే గోడకు చెమట పట్టేదాకా, ఆ చెమట ఆరి మెరిసేదాకా చెయ్యి ఆపకూడదు.

ఆ రాయి అవ్వ వక్కాకు సంచిలో చివరిదాకా ఉంది. నల్లగా, కోడిగుడ్డంత ఉండేది. దానితో వక్కలు దంచుకునేది, కుక్కల్ని బెదిరించేది, మా అమ్మ మోకాలు నొప్పి అంటే వేడిచేసి కాపడం పెట్టేది. అడిగితే మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

ఇంకో అలవాటు గోడలు తట్టడం. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విడిచేలోపే గోడ తట్టి చెవి ఆనించేది. మా చిన్నాన్న కూతురి సంబంధం చూడటానికి పెద్దమండ్యం వెళ్ళినప్పుడు అవ్వను తీసుకుపోవడం మా అమ్మ చేసిన తప్పు. మగపెళ్ళివారు కాఫీలు ఇస్తుంటే అవ్వ వాళ్ళ కొత్త ఇంటి గోడ తట్టి, అందరికీ వినిపించేలా, "బోలుగా ఉండాది," అంది. పెళ్ళికొడుకు తండ్రి మొహం మాడిపోయింది. అయినా ఆ సంబంధమే కుదిరింది. ఆ తర్వాత మా చెల్లెలు పుట్టింటికి వచ్చినప్పుడల్లా అవ్వ అడిగే మొదటి మాట, "మొగుడు బాగుండాడా?" కాదు. "గోడ నిలిచిందా?"

సందులో ఏ గొడవ జరిగినా పంచాయితీ అవ్వదే. మొగుడూ పెళ్ళాలు కానీ, తోడికోడళ్ళు కానీ, రెండు చేతులూ పట్టి లాక్కొచ్చి ఎదురెదురుగా కూర్చోబెట్టేది. "తడి ఉండంగానే కలిపేయండప్పా. ఆరిందంటే అతుకు కనపడతాది," అనేది. నా పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆయనా మూడు రోజులు మాట్లాడుకోనప్పుడు కూడా అదే మాట. ఆమె మాటకు మేము కలవలేదు, మేము కలిసేదాకా ఆమె మా ఇంట్లోంచి కదిలేలా లేదని కలిశాం.

ఇక ఆమె గొప్ప ఒకటుండేది. పుంగనూరు దాటాక ఒక పల్లెలో పాత జమీందారుల బంగళా ఉంది. "మేడ మీద హాల్లో ఎడమ పక్క గోడ నాది. జమీందారమ్మ దాంట్లో సూసుకుని బొట్టు సరిచేసుకునేది," అనేది. మరి కుడి పక్క? అని అడిగితే మూతి ఒక పక్కకు తిప్పి, "అది ఆ గుడుపల్లె దాందిలే," అనేది. పేరు చెప్పేది కాదు. ఆ గుడుపల్లె ఆమె రాయి పట్టడం రాని మనిషి, బద్ధకస్తురాలు, తన పక్క గోడ ఈపాటికి రాలిపోయుంటుంది. ఇదంతా మా సందుకు కంఠతా వచ్చు. గోడలో మొహం కనిపించడమేమిటని నేను మాత్రం ఎన్నడూ నమ్మలేదు.

అప్పట్లో మా అమ్మాయి సింధు అంగళ్లులో ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చదువుతోంది. పాత కట్టడం ఒకటి చూసి రాసుకురమ్మని కాలేజీలో చెప్పారట. "అవ్వ బంగళాకు పోదాం," అంది. అంతే, మూడు రోజుల్లో అదొక జాతర అయింది. నాతో స్కూల్లో పనిచేసే షమీమ్ బిర్యానీ తెస్తానంది. ఆమె భర్త బాషాకు సొంత వ్యాను ఉంది, తనే తోలుతానన్నాడు. మా అమ్మ చిత్రాన్నం, వడలు. మా ఆయన డ్యూటీ ఉందని తప్పించుకున్నాడు, తర్వాత ఏడాదంతా ఏడ్చాడు.

ఆదివారం పొద్దున ఆరింటికే అవ్వ మా గుమ్మం ముందు ఉంది. మండీకి కట్టుకునే చీర కాదు, పెట్టె అడుగున దాచిన ఆకుపచ్చ నేత చీర. ముందు సీటు నాది అని ఎక్కి కూర్చుంది. పుంగనూరు వచ్చేదాకా నోరు మూయలేదు.

"సూడు పాపా, మెట్లు ఎక్కంగానే ఎదురుగా కనపడతాది. ఎడమ పక్క. మర్చిపోవద్దు. ఎడమ పక్క ఫొటో తీసుకో."

"కుడి పక్క కూడా తీస్తాలే అవ్వా," అంది సింధు.

"యాల? రాలిపోయిన గోడ ఫొటో ఎందుకు?"

బంగళా నిజంగా బంగళాయే. రంగు అద్దాల కిటికీలు, రెండు చేతులకూ అందని లావు స్తంభాలు, టేకు చెక్క మెట్లు. వారసులు బెంగళూరులో ఉంటారట, అప్పుడప్పుడు సినిమా వాళ్ళకూ పెళ్ళి ఫొటోల వాళ్ళకూ ఇస్తారట. కాపలాకు వెంకటప్ప అని ఒక పెద్దాయన ఉన్నాడు. కింద గదులన్నీ చూపించాడు. మేము చిన్నపిల్లల్లా అరుస్తూ తిరిగాం. షమీమ్ అయితే వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని దిగనంది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెంకటప్ప చేతులు అడ్డం పెట్టాడు.

"మేడ మీదికి లేదు. తాళం. చెక్కలు మెత్తబడి ఉండాయి, ఎవురికన్నా ఏమన్నా అయితే నా మెడకొస్తాది."

సింధు కాలేజీ కాగితం చూపించింది. షమీమ్ బిర్యానీ గిన్నె మూత తీసింది. వెంకటప్ప బిర్యానీ వైపు బాధగా చూశాడు కానీ కదల్లేదు. అప్పుడు అవ్వ ముందుకొచ్చింది.

"మేడ మీద హాల్లో, ఎదురు గోడకు నట్టనడుమ, నిలువు అద్దం ఒగటి ఉండాది గదా?"

వెంకటప్ప కళ్ళు పెద్దవయ్యాయి. "ఉండాది. నీకెట్ల తెలుసు?"

"కిటికీ పక్క వెలుతురు వదిలిపెట్టి ఆడ యాల పెట్టినారో తెలుసునా నీకు?"

"తెల్దవ్వా. నేను ఇరవై ఏండ్లుగా అదే అనుకుంటా ఉండా."

"తాళం తీ. చెప్తా."

వెంకటప్ప ఒక నిమిషం తల గోక్కున్నాడు. తర్వాత మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పాడు.

ఒక్కొక్క మెట్టు తట్టి చూసుకుంటూ అవ్వ ముందు ఎక్కింది. వెనక బాషా రెండు చేతులూ చాపి, పడితే పట్టుకునేందుకు. నాకు ఒకటే తొందర. ఇన్నేళ్ళూ కథ అనుకున్నది తలుపు అవతల ఉందంటే ఎవరికి ఉండదు!

తలుపు తెరిచాం. పొడవాటి హాలు. ఎదురుగా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే గోడ, నడుమ మనిషెత్తు అద్దం. కుడి పక్క గోడ దుమ్ము పట్టి బూడిద రంగులో ఉంది. షమీమ్ ఆత్రం పట్టలేక కొంగుతో ఒక చోట గట్టిగా తుడిచింది. తుడిచిన చోట ఆమె మొహం కనపడింది! ముక్కుపుడకతో సహా! "అరె అల్లా!" అని కేక పెట్టింది. మేమంతా పరిగెత్తి కొంగులతో, దుపట్టాలతో, బాషా చేతిరుమాలుతో ఆ గోడంతా తుడిచాం. పాలరాయిలా చల్లగా, నున్నగా, మా మొహాలన్నీ అందులో. సింధు గంతులు వేస్తూ ఫొటోలు తీసింది. నేనూ కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతున్నాను. అవ్వ నిజమే చెప్పింది.

అప్పుడు అమ్మ నా మోచెయ్యి గిల్లింది. మేము తుడిచింది కుడి పక్క.

ఎడమ పక్కకు తిరిగాం. పైకప్పు నుంచి ఎన్ని వానలు కారాయో, గోడ మీద పచ్చటి మరకలు. నడుము ఎత్తు దాకా పెచ్చులు ఊడి ఇటుకలు బయటపడ్డాయి. కింద గార ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. అవ్వ ఆ కుప్ప ముందు నిలబడి ఉంది.

"వాన నీళ్ళమ్మా. పైన మిద్దె కారినాది. గోడ తప్పేం లేదు," అంది అమ్మ.

అవ్వ వినలేదు. మిగిలిన గారను తట్టింది. బోలుగా పలికింది. కుడి పక్కకు నడిచి వెళ్ళి అక్కడా తట్టింది. గట్టిగా పలికింది. చెంప ఆనించింది. బద్ధకస్తురాలిదనీ, రాలిపోయుంటుందనీ ఊరంతా చాటింపు వేసిన గోడ అది. తర్వాత మెల్లగా ఒక్క మాట అంది.

"మునెమ్మా."

ఆ పేరు మేము వినడం అదే మొదటిసారి.

బాషా, వెంకటప్ప చెరో పక్క పట్టి అద్దం జరిపారు. దాని వెనక గోడ మీద కింది నుంచి పైదాకా, వేలెడు వెడల్పున, మెరుపు లేని గీత ఉంది. దాని అంచుల దాకా గోడ మెరుస్తుంటే అక్కడ మాత్రం సుద్దలా ఉంది. అవ్వ దాని ముందు నేల మీద కూర్చుంది. వెంకటప్పకు ఇచ్చిన మాట ప్రకారం చెప్పింది.

ఇద్దరూ రెండు చివరల నుంచి రుద్దుకుంటూ నడుమకు రావాలి. కలిసే చోట ఒకరి పక్కకు ఒకరు జానెడు దూరం వచ్చి రుద్దితేనే అతుకు మాసిపోతుంది. మేడల్లో, గుళ్ళల్లో, ఎన్నో గోడలు ఇద్దరూ అట్లా కలిపినవాళ్ళే. ఒకే సద్ది మూట విప్పుకుని తిన్నవాళ్ళే. తెల్లసొన గోడకు పోతే మిగిలిన పచ్చసొనలు పనివాళ్ళవి. ఉల్లిపాయ, మిరపకాయ వేసి పొరటు చేసుకుంటారు. ఒకరోజు అవ్వది, ఒకరోజు మునెమ్మది. చివరి రోజు సొనలు మునెమ్మ వంతు. మునెమ్మకు అప్పుడు మూడో నెల. పొద్దుటి నుంచి దాని మీదే ప్రాణం పెట్టుకుంది. మధ్యాహ్నం చూస్తే గిన్నె ఖాళీ.

"మా యమ్మ ఊర్నించి వచ్చింటే పెట్టినానని చెప్పినా," అంది అవ్వ. "అది ఏమీ అనల్యా. గిన్నె సూసింది. 'ఇంగ నా పక్కకు రావద్దు,' అన్నింది. నేనెందుకు పోతా? అది దాని అంచు కాడ ఆపింది, నేను నా అంచు కాడ ఆపినా. మేస్త్రీ సూసేతలికి ఆరిపోయింది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాడు. జమీందారమ్మ ఈ అద్దం తెప్పించి పెట్టింది."

సందులో అందరినీ కలిపిన మనిషి యాభై ఏళ్ళుగా ఈ గీత మోసుకు తిరిగిందని నాకు అప్పుడు తెలిసింది. కోపం కూడా వచ్చింది. నన్నూ మా ఆయన్నూ మూడు రోజులకే అంత సతాయించిందే!

అవ్వ లేచి చీర దులుపుకుంది. "బాషా, గుడుపల్లె ఎంత దూరం నాయనా?"

"కుప్పం దాటి పోవాల అవ్వా. రెండు గంటల పైనే పడతాది."

"ఆమె ఉండాదో లేదో?" అంది అమ్మ.

"అందుకే బిరీన పోదాం రాండి."

వెంకటప్ప బిర్యానీ వెంకటప్పకు పెట్టి, మా బిర్యానీ వ్యానులోనే తింటూ బయలుదేరాం. పలమనేరు, వి.కోట. పొద్దున నోరు మూయని అవ్వ ఇప్పుడు రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. మేము మాత్రం ఊరుకోలేకపోయాం. ఉంటుందా ఉండదా, ఉంటే మాట్లాడుతుందా తలుపు వేసుకుంటుందా అని వెనక సీట్లలో ఒకటే పందేలు. వి.కోటలో అవ్వ బండి ఆపమంది. దిగి వెళ్ళి అట్ట నిండా కోడిగుడ్లు కొనుక్కొచ్చి ఒళ్ళో పెట్టుకుంది. షమీమ్ వెనక పెట్టుకుంటానంటే, "నక్కో" అని షమీమ్ భాషలోనే కసిరింది. అక్కడి నుంచి బాషా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఊపిరి బిగబట్టి తోలాడు.

గుడుపల్లెలో టీ అంగడి దగ్గర బండి ఆపి, మునెమ్మ ఇల్లు యాడ అని అడిగాను.

"యా మునెమ్మ? ఈడ మునెమ్మలు డజను మంది ఉండారు," అన్నాడు టీ అంగడాయన.

అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది. "గోడలు తట్టే మునెమ్మ."

"ఓ, ఆ యమ్మనా!" అన్నాడు అతను వెంటనే. "మొన్న మా యింట్లో కొత్త గోడ తట్టి బోలుగా ఉండాదని పోయింది. రెండో సందు, నీలం తలుపు."

ఉంది! వ్యానులో మేమంతా చప్పట్లు కొట్టాం. అవ్వ మాత్రం గుడ్ల అట్టను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

నీలం తలుపు ముందు అరుగు మీద ఒక పొడవాటి ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. వ్యానులోంచి దిగిన ఆరుగురిని చూసి ఓట్లకు వచ్చినవాళ్ళం అనుకుందేమో, తల తిప్పుకుంది. అవ్వ వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆమె తల ఎత్తింది. గుర్తుపట్టిన సంగతి ఆమె చేతులు ఆగిపోవడంలో తెలిసింది.

"నీ పక్క నిలిచి ఉండాదిమే," అంది అవ్వ. "మొగం కనపడతాండాది. నాది రాలిపోయింది."

మునెమ్మ చింతపండు వైపు చూసింది. "ఆ పొద్దు సొనలు మీయమ్మకు పెట్టినావా?"

అవ్వ చేతుల్లో అట్ట ఒక పక్కకు ఒరిగింది. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసింది.

"లేదు. నేనే తిన్నా. మా యమ్మ రానే లేదు."

మా అమ్మ నా వైపు చూసింది. బంగళాలో మాకు కూడా నిజం దాచి చెప్పిందన్నమాట. యాభై ఏళ్ళలో ఆ నిజం ఆమె నోట రావడం అదే మొదలని నాకు గట్టిగా అనిపించింది. మునెమ్మ ఏమంటుందోనని ఆమె వైపు చూశాం.

"అది నాకు ఆ పొద్దే తెలుసు," అంది మునెమ్మ. "నీ మూతికి పచ్చగా అంటుకోనుండె." లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది. "ఏమే, బయటికి రా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నీ కూడు తిన్న ఆమె వచ్చింది."

యాభై దాటిన ఒకామె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, అట్ట అందుకుని, అందరికీ కుర్చీలు వేసింది. షమీమ్ మొహం దాచుకుని నవ్వుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. ఇద్దరు ముసలాళ్ళూ అరుగు మీద చెరో చివర కూర్చున్నారు, నడుమ చింతపండు చాట.

కాసేపటికి ఆ కూతురు డజను గుడ్లు ఉడకబెట్టి పళ్ళెంలో తెచ్చింది. మునెమ్మ చాట తీసి కింద పెట్టి, పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. ఒక్కొక్కటి పెంకు వలిచి, రెండుగా చీల్చి, బొటనవేలితో పచ్చసొన తీసి నోట్లో వేసుకుంది. "అమ్మా, డాక్టరు వద్దన్నాడు," అని కూతురు అంటుంటే వినలేదు. తొందర లేకుండా, మా అందరి ఎదుట, పన్నెండు సొనలూ తినేసింది. నీళ్ళు తాగింది. తెల్లసొనలు ఉన్న పళ్ళెం అవ్వ వైపు తోసింది.

"ఇవి నీకు. తీస్కపోయి నీ పక్క గోడకు పూసుకో. పెచ్చులూడి ఉండాది గదా."

అవ్వ పళ్ళెం వైపు చూసింది. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వు. పళ్ళు లేని నోరంతా తెరిచి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఆ నవ్వు మునెమ్మకూ అంటుకుంది. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. నవ్వుతూనే అవ్వ అరుగు మీద జరిగింది. అటు నుంచి మునెమ్మ కూడా జరిగింది.

ఎండ తగ్గేవేళ బయలుదేరాం. తెల్లసొనలను మునెమ్మ కూతురు ఒక స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. కుప్పం దాటాక అవ్వ డబ్బా మూత తీసి, చప్పటి తెల్లసొనలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుని మెల్లగా నమలడం మొదలుపెట్టింది. వెనక నుంచి మా అమ్మ చెయ్యి చాపి, "ఒగటి ఇటు ఇవ్వమ్మా, ఆకలేస్తాండాది," అంది.

అవ్వ డబ్బా ఇంకో పక్కకు తిప్పుకుంది. "ఇవి నా వంతు," అంది. పలమనేరు వచ్చేలోపు అన్నీ తినేసింది, మాకు ఒక్కటి కూడా పెట్టలేదు.